పాపికొండల ఫొటోను తైలవర్ణ చిత్రంగా మలచే విధానం

ప్రకృతి దృశ్యానికి ఒక ఫిల్టర్ వేసి, వచ్చినదాన్ని వచ్చినట్టే వదిలేస్తే అది చిత్రంలా కాక, అలుక్కుపోయిన ఫొటోలా కనిపిస్తుంది. చిత్రకారుడు దూరపు కొండను ఒక్క పూతతో తేల్చి, దగ్గరి కొమ్మ మీద కుంచెను నిలుపుతాడు. ఫిల్టర్ మాత్రం కొండకూ కొమ్మకూ ఒకే కొలత వాడుతుంది. ఆ తేడాను లేయర్ల (ఒకదానిపై ఒకటి పేర్చే చిత్రపు పొరల) ద్వారా మనమే సమకూర్చాలి. గోదావరిలో లాంచీ మీద నుంచి తీసిన పాపికొండల ఫొటోను, ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఇలా మలచవచ్చు.

ముందుగా పరిమాణం నిర్ణయించుకోవాలి. ఫిల్టర్ల కొలతలు పిక్సెళ్లలో ఉంటాయి కనుక, చిన్న ప్రతిలో చక్కగా కనిపించిన కుంచె గీత పెద్ద ప్రతిలో కంటికి ఆనదు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ఏ4 కాగితం మీద అచ్చు వేయడానికి సుమారు 3508 × 2480 పిక్సెళ్లు కావాలి.

అసలు ఫొటోను అడుగున ఉంచి, దానికి నకలు లేయర్ తీసి, పొగమంచులోనూ ఆకాశంలోనూ ఉన్న చుక్కల్లాంటి నాయిస్‌ను నాయిస్ రిడక్షన్‌తో తగ్గించాలి. లేకపోతే ఆ చుక్కలే రంగు మరకలుగా పెరుగుతాయి. నీటి సంగతి వేరు. తైలవర్ణ రూపాన్నిచ్చే ఆయిలిఫై ఫిల్టర్ ప్రతి పిక్సెల్ చుట్టూ ఎక్కువగా ఉన్న కాంతి స్థాయిని ఎంచి, దాని రంగును అక్కడ నింపుతుందే తప్ప, గీత ఏ దిశగా సాగాలో దానికి తెలియదు. అందువల్ల పడవను వదిలి నీటిని మాత్రమే సెలెక్ట్ చేసి, లీనియర్ మోషన్ బ్లర్‌ను సున్నా డిగ్రీల కోణంలో వేస్తే, కొండల నీడలు అడ్డంగా సాగి, తరువాతి పూతకు సహజమైన ఒరవడి ఏర్పడుతుంది.

సెలెక్షన్ తీసేసి, ఈ లేయర్‌కు మరొక నకలు తీయాలి. పై లేయర్‌కు ఆయిలిఫైలో మాస్క్ రేడియస్‌ను 20 దగ్గర, కింది దానికి 7 దగ్గర పెట్టి మొదలుపెట్టడం మంచిది. పేరులో మాస్క్ అని ఉన్నా అది కుంచె వెడల్పు వంటిదే. లేయర్‌లో ఏ భాగం కనిపించాలో నిర్ణయించే లేయర్ మాస్క్‌తో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు పై లేయర్‌కు తెల్లని లేయర్ మాస్క్ చేర్చి, ఒడ్డు చెట్లు, పడవ ఉన్నచోట మెత్తని బ్రష్‌తో నలుపు వేస్తే, ఆ మేరకు కింది సన్నని పూత బయటపడుతుంది. మనుషుల ముఖాలు దానిలోనూ చెదిరితే, కింది లేయర్‌కూ మాస్క్ చేర్చి, పై మాస్క్‌లో అక్కడి నలుపును అలాగే ఉంచి, కింది మాస్క్ మీద బూడిద రంగు వేస్తే అసలు ఫొటో కొంత తొంగిచూస్తుంది. పని నాణ్యత తేలేది ఇక్కడే కనుక తొందరపడకూడదు.

చిత్రానికి గుడ్డ నేతలాంటి గరుకును చేర్చే అప్లై క్యాన్వాస్ ఫిల్టర్‌ను నేను సిఫారసు చేయను. నిజమైన క్యాన్వాస్ గుడ్డ మీద అచ్చు వేసేటప్పుడైతే అది పూర్తిగా అనవసరం. మాస్కులను మళ్లీ సవరించుకునేందుకు లేయర్లను అలాగే ఉంచే గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైల్‌ను దాచి, అచ్చుకు టిఫ్ ప్రతిని విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి.