పండుగకు అద్దె ఇల్లు ముస్తాబు చేసేముందు

దసరా దగ్గర పడుతుంటే అద్దె ఇంట్లో ఉన్నవారికీ ఇంటిని కాస్త అందంగా దిద్దుకోవాలని అనిపిస్తుంది. చుట్టాలు వస్తారు, పిల్లలు సీరియల్ లైట్లు కావాలంటారు, ఖర్చు మాత్రం రెండు మూడు వేలు దాటకూడదు. అంత డబ్బుతో ఇల్లు కళకళలాడేలా చేయవచ్చు. నా భయమల్లా ఆ రెండు వేల ముస్తాబు వల్ల ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో పదివేలు కోత పడుతుందేమోనని. అంతకంటే పెద్ద భయం, గోడలోని కరెంటు తీగకు డ్రిల్లు తగులుతుందేమో, కర్టెనుకు ప్రమిద మంట అంటుకుంటుందేమోనని.

ఏ వస్తువైనా కొనడానికి ముందు అద్దె ఒప్పందం తీసి చదవండి. గోడలకు మేకులు కొట్టకూడదని అందులో రాసి ఉందా? ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె మినహాయించుకుంటామని రాసి ఉందా? ఈ రెండో షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఎలాగూ రంగుల డబ్బు మన దగ్గరే తీసుకుంటున్నప్పుడు రెండు మేకుల రంధ్రాలకు మళ్లీ విడిగా కోత పెట్టడం న్యాయం కాదు. ఆ మాట ముందే మర్యాదగా తేల్చుకోవాలి. నోటిమాటగా అడిగి వదిలేయకుండా ఫోనులో సందేశం పంపండి: ‘‘నమస్కారమండీ. హాలులో టీవీ ఉన్న గోడకు రెండు మేకులు కొట్టుకుంటాం. ఖాళీ చేసేటప్పుడు పుట్టీతో పూడ్పించి ఇస్తాం. మీకు అభ్యంతరం లేదు కదా?’’ ఓనరు గారు సరేనంటే ఆ సందేశాన్ని దాచుకోండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న మరకలు, పెచ్చులూడిన చోట్లు, పాత రంధ్రాలను తేదీ కనిపించేలా ఫోటోలు తీసి అదే సంభాషణలో పెట్టండి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్ల అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని చెబుతుంది కానీ, రాష్ట్రాలు దాన్ని అనుసరించి సొంత చట్టం చేసుకున్న చోటే అది వర్తిస్తుంది. కాబట్టి అద్దెకున్నవారిని కాపాడేది చాలావరకు ఆ ఫోటోలూ, ఆ సందేశమే.

ఇక గోడ. వానలు అప్పుడే తగ్గిన కాలం ఇది. కోస్తాలోనైతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మళ్లీ పడతాయి. గోడ పైకి పొడిగా కనిపిస్తున్నా లోపల చెమ్మ ఉండవచ్చు. అలాంటి గోడకు అంటించే వాల్‌పేపరు వేస్తే దాని వెనక బూజు పడుతుంది, నెలలోపే అంచులు లేస్తాయి, పీకితే పుట్టీతో సహా ఊడివస్తుంది. తెలుసుకునే మార్గం సులువైనదే. జానెడు చదరంగా పారదర్శకమైన పాలిథీన్ కవరు ముక్క కత్తిరించి, గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో మూసేయండి. ఒక రోజు తర్వాత చూస్తే కవరు లోపలి వైపు నీటి చుక్కలు కట్టినా, గోడ రంగు ముదిరినా ఆ గోడ జోలికి వెళ్లవద్దు. దానికి కాస్త ఎడంగా ఒక కుర్చీ, మొక్కలకుండీ పెట్టుకుంటే చాలు.

మేకులు వద్దని రెండు వైపులా జిగురుండే టేపులు, అంటించే కొక్కేలు కొంటున్నారా? సున్నం వేసిన గోడకు అవి నిలవవు. చవక డిస్టెంపరు గోడకు నిలుస్తాయి కానీ తీసేటప్పుడు రంగును పట్టుకుని వస్తాయి. ముందు తలుపు వెనక కనిపించని చోట ఒక్కటి అంటించి, రెండు రోజులు ఉంచి, తీసి చూడండి. తీసేటప్పుడు మన వైపు లాగకూడదు. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేసి, టేపును గోడకు సమాంతరంగా నెమ్మదిగా జరుపుతూ తీయాలి.

కర్టెన్లకు గోడ తొలవాల్సిన అవసరం చాలా ఇళ్లలో ఉండదు. కిటికీ ఊచలకు గట్టి నూలు తాడు బిగించి దాని మీద పాత నేత చీరను వేలాడదీయవచ్చు. మంగళగిరి అంచు చీర ఒకటి మడత పెట్టి వేస్తే బజారులో కొన్న కర్టెను దాని ముందు వెలవెలబోతుంది. ఇల్లు మారినప్పుడు చీర మనతో వస్తుంది. నన్నడిగితే ఉన్న డబ్బంతా ఇలా వెంట తీసుకెళ్లే వస్తువుల మీదే పెట్టాలి.

డ్రిల్లు తప్పదనుకుంటే మాత్రం తొందర వద్దు. గోడ లోపలి కరెంటు పైపు సాధారణంగా స్విచ్‌బోర్డు నుంచి నిలువుగా పైకో కిందికో వెళ్తుంది. అందుకే బోర్డుకు సరిగ్గా పైనా కిందా రంధ్రం వేయకూడదు. రెండు బోర్డులు ఒకే ఎత్తులో ఉంటే వాటి మధ్య అడ్డంగా కూడా పైపు ఉండవచ్చు. బాత్రూమును, వంటింటి సింకును ఆనుకున్న గోడల్లో నీళ్ల పైపులు ఉంటాయి. వాటి అవతలి వైపు పడకగది కావచ్చు, పడకగది గోడే కదా అని తొలిస్తే పైపు పగులుతుంది. పిల్లర్లు, దూలాలను అసలు ముట్టుకోవద్దు. అపార్ట్‌మెంట్లలో గదుల మధ్య గోడలు చాలావరకు నాలుగు అంగుళాలవే. పుస్తకాల బరువు మోసే అరను వాటికి వేలాడదీయకుండా నేల మీద నిలిపేది పెట్టుకోండి. డ్రిల్లు అందుకునే ముందు మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్‌ను ఆపి, వేరే గది నుంచి కరెంటు తెచ్చుకోండి. ఫ్యానూ ఆపండి. మంచం మీద స్టూలు, స్టూలు మీద మనిషి అనే పద్ధతి వద్దే వద్దు. వాచ్‌మన్‌ను అడిగితే నిచ్చెన దొరుకుతుంది.

సీరియల్ లైట్ల సంగతి. ఎల్‌ఈడీ దండలు కరెంటు ఎక్కువ తీసుకోవు. ప్రమాదమంతా వెంట్రుకంత పలుచటి తీగలో, ఊడిపోయేలా ఉన్న అతుకులో, పిన్ను లేకుండా అగ్గిపుల్లతో సాకెట్‌లోకి నొక్కిన తీగ కొసల్లో ఉంది. కొనేటప్పుడు వేలితో తీగ పొడవునా తడిమి చూడండి, రాగి బయటపడిన చోటుంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి. లోపల వాడేదాన్ని వాన పడే బాల్కనీలో కట్టకండి, ఇనుప గ్రిల్లుకు అసలే చుట్టకండి. తీగ తొడుగు చిరిగితే గ్రిల్లంతా కరెంటే. ఎక్స్‌టెన్షన్ బాక్సును కూడా లెక్కచూసి వాడాలి. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర దాదాపు 1,380 వాట్ల వరకే మోస్తుంది. దండలు గుచ్చిన బాక్సులోనే 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పిన్ను చేతికి వేడిగా తగిలితే వెంటనే తీసేయండి. నిద్రపోయేముందు, ఇంటికి తాళం వేసేముందు దండలన్నీ ఆపాలి. థర్మోకోల్ మండపాల మీద దండలు చుట్టడం, వాటి ముందు దీపం పెట్టడం కూడా వద్దు. థర్మోకోల్ నిప్పు తగలగానే కరిగి బొట్లుబొట్లుగా కారుతూ మండుతుంది.

ఒక గోడకు మనమే రంగు వేసుకుందామనుకునేవారికి ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన నూనె రంగులు, ముఖ్యంగా పాత తలుపులు, కిటికీల మీది ఎనామిల్ పొరల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. వాటిని గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఆ పని పెట్టుకోకండి. పాత తలుపు అందంగా లేకపోతే దాని మీద ఒక కలంకారీ గుడ్డ వేలాడదీయండి.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట పాత కుర్చీలు, బల్లలు చవకగా దొరుకుతాయి, మంచివీ ఉంటాయి. పగటి వెలుతురులో తిరగేసి చూడండి. చెక్కలో సన్నటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు పట్టినట్టే. మెత్తల కుట్ల వెంట నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులు. పాత పరుపు మాత్రం ఎంత చవకైనా కొనవద్దు. నల్లులు ఒకసారి ఇల్లెక్కితే మందు కొట్టించే ఖర్చు కొత్త పరుపు ధరను దాటుతుంది.

నేల విషయంలో మన ఆచారాలకే కొంచెం సర్దుబాటు కావాలి. తెల్ల మార్బుల్ గడపకు పసుపు నేరుగా రాస్తే మరక పోవడం కష్టం, సన్నటి చెక్క పలకకు పసుపు రాసి గడప మీద అమర్చుకోవచ్చు. రంగుల ముగ్గును తడి లేని నేల మీదే దిద్దండి, మార్బుల్ మీదైతే బియ్యప్పిండి చాలు. ప్రమిదల కింద పళ్లెం ఉంటే నూనె మరకా పడదు, అవి ఒరిగినా నష్టముండదు. దీపాలు పెట్టే కిటికీల కర్టెన్లను ఆ సాయంత్రం తీసి మడతపెట్టేయండి, ముడివేసి వదిలితే గాలికి విడిపోతాయి. ప్లాస్టిక్ బంతిపూల తోరణం కింద వరుసగా దీపాలు పెట్టకండి. అక్కడ పచ్చి మామిడాకులే కట్టండి. దగ్గర్లో ఒక బకెట్ నీళ్లు, కాస్త ఇసుక ఉంచుకోండి. నూనె మంట మీద నీళ్లు పోయకూడదు, ఇసుక చల్లాలి. ఒళ్లు కాలితే పంపు కింద మామూలు నీళ్లలో 20 నిమిషాలు ఉంచి ఆస్పత్రికి వెళ్లండి, టూత్‌పేస్టు రాయవద్దు.

పండుగ అయిన వారంలోపే టేపులు, కొక్కేలు తీసేయండి. జిగురు ఎంత పాతబడితే రంగును అంత గట్టిగా పట్టుకుంటుంది. మిగిలిన జిగురును కొబ్బరినూనె అద్దిన గుడ్డతో అద్దాల మీద, టైల్స్ మీద తుడవవచ్చు కానీ గోడ మీద వాడకండి, నూనె మరక పడితే దాని పైన మళ్లీ రంగు పట్టదు.