ఎవరినైనా "వాళ్ళంతే" అనే ముందు ఏం చేయాలి

పోయిన నెల మా పనమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి "అక్కా జ్వరం, రెండ్రోజులు రాను" అంది. సాయంత్రం చూస్తే వాట్సాప్ స్టేటస్‌లో పట్టుచీర, తల నిండా పూలు, వెనకాల డీజే. నాకు ఒళ్ళు మండిపోయి "వీళ్ళకి అలుసిస్తే నెత్తికెక్కుతారు" అనేశా. మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే "మీ చెల్లి ఎంగేజ్‌మెంట్‌కి నువ్వు ఆఫీసులో ఏం చెప్పావ్" అన్నాడు. నేనూ జ్వరమే చెప్పా.

అప్పట్నుంచి నేను ట్రై చేస్తున్న పద్ధతి ఇది, రోజూ కుదురుతుందని కాదు.

ముందు మీ నోట్లోంచి ఏ మాట వచ్చిందో చూసుకోండి. "అబద్ధం చెప్పింది" అన్నారా, "అబద్ధాలకోరు" అన్నారా? ఒకటి జరిగిన పని, ఇంకోటి మనిషికేసిన ముద్ర. పని తప్పయితే తప్పే అనండి, అక్కడ మొహమాటం అక్కర్లేదు. అసలు పరిస్థితి ఏంటో చూడకుండా అంతా వాళ్ళ బుద్ధికే అంటగట్టేయడాన్ని సైకాలజీలో ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్ అంటారు, 1977లో లీ రాస్ అనే సైకాలజిస్ట్ పెట్టిన పేరు.

తర్వాత, వాళ్ళు అప్పుడు ఏ తొందరలో ఉన్నారో ఆలోచించండి. 1973లో వచ్చిన ఒక ప్రయోగం ఉంది, డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు చేసింది, అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో పాస్టర్ చదువు చదివే 40 మందిని స్పీచ్ ఇవ్వడానికి పక్క బిల్డింగ్‌కి పంపారు, దారిలో ఒకతను కూలబడి దగ్గుతున్నట్టు ఏర్పాటు చేశారు. టైం ఉందని చెప్పి పంపిన వాళ్ళలో 63 శాతం ఆగారు, లేటైందని తరిమిన వాళ్ళలో 10 శాతమే. తమాషా ఏంటంటే సగం మంది మాట్లాడాల్సింది మంచి సమరయుడి కథ గురించే, అదే, దారిలో దెబ్బలు తిని పడున్న పరాయివాడి కోసం ఆగి సాయం చేసినతని బైబిల్ కథ! ఆగనివాళ్ళంతా రాతిగుండెలని చెప్పలేం కదా. (అలాగని దగ్గుతున్నతనికి ఒరిగిందేం లేదు, అదీ నిజమే.)

జాలి కలగకపోతే? పర్లేదు. నాకు ఆ పట్టుచీర చూస్తే జాలేం కలగలేదు. అయినా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టకుండా, పిల్లల ముందు కాకుండా, వంటింట్లో ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగడానికి జాలి అక్కర్లేదు. నిజానికి జాలిని గుడ్డిగా నమ్మకూడదు, అది ఎప్పుడూ మనవాళ్ళ వైపే పారుతుంది. మన మేనల్లుడు తాగి బండి నడిపితే "చిన్నపిల్లాడు, తెలీక", అదే వాచ్‌మన్ కొడుకైతే "పెంపకం". పేర్లు మార్చి చూడండి, తీర్పు మారిందంటే తేడా మనలోనే ఉంది.

ఒక్క చోట మాత్రం ఈ వరస తిరగేయాలి. పక్కింట్లో పెళ్ళాన్ని కొడుతున్నాడనుకోండి, వాడి చిన్నతనం, వాడి అప్పులు అన్నీ తర్వాత. ముందు ఆమె క్షేమం, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్. వాడెందుకలా అయ్యాడో అర్థమైనంత మాత్రాన ఆమె ఆ దెబ్బలు ఓర్చుకోవాలని లేదు.

మా పనమ్మాయికి వస్తే, "ఫంక్షన్ అంటే సెలవిస్తావా అక్కా?" అని నన్నే అడిగింది. ఇచ్చేదాన్ని కాదు, ఒప్పుకున్నా. ముందురోజు నిజం చెప్తే సెలవు, లేని జ్వరం మాత్రం చెప్పొద్దు అని మాట అనుకున్నాం. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్, "అక్కా, రేపు మా బావ కొడుకు పంచెల ఫంక్షన్". ఈరోజేమో మా ఇంటికి చుట్టాలు. వెళ్ళిరా అన్నా, గిన్నెలు ఇంకా సింక్‌లోనే ఉన్నాయి.