తేయాకు తోట బంగళాలో బసకు వెళ్లే ముందు

మే నెల ఎండలు ముదిరేసరికి నెల్లూరు, ఒంగోలు వారికి నీలగిరులు గుర్తుకు రావడం సహజం. అయితే ఊటీ బస్టాండు దగ్గర లాడ్జిలో దిగడం వేరు, కూనూరు చుట్టుపక్కల తేయాకు తోటల్లో దొరల కాలం నాటి బంగళాలో ఉండడం వేరు. బంగళా ఒకప్పుడు తోట మేనేజరు కాపురమున్న ఇల్లు. అక్కడ ఏది కావాలన్నా ముందుగా చెప్పి ఉంచవలసిందే.

గది మాట్లాడుకునేటప్పుడు, ఇచ్చేది పాత బంగళాలోని గదా, పక్కన తరువాత కట్టిన గదా అని తప్పక అడగాలి. ఫోటోల్లో వరండా, పెంకుల కప్పు చూసి డబ్బు కట్టి, తీరా వెళ్లాక కొత్త గదిలో పడుకున్నవారు ఉన్నారు. మెయిన్ రోడ్డు నుంచి తోటలోకి మన కారు వెళ్తుందా, జీపు పంపుతారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం భోజనం. తోటలో అంగళ్లు ఉండవు, వంటాయన సరుకులు తెచ్చుకోవాలంటే ఊళ్లోకి దిగాలి. ఈ సంగతి తెలియక మేము మొదటిసారి రాత్రి ఎనిమిదింటికి చేరి అన్నం అడిగితే, ఆయన నొచ్చుకుంటూనే బ్రెడ్డు, గుడ్లు, పలచటి సూపు తెచ్చిపెట్టారు. చేపల పులుసుతో పెరిగిన మా నాన్నగారు ఆ సూపులో స్పూను తిప్పుతూ కూర్చున్నారే గాని నోట పెట్టలేదు. రెండోసారి ఎంతమందిమో, ఎన్నింటికి వస్తామో, ఏం తింటామో ముందురోజే ఫోనులో చెప్పి, ఆవకాయ సీసా కూడా వెంట తీసుకువెళ్లాము. తిరిగి వచ్చేటప్పుడు అందులో సగం బంగళా వంటింట్లోనే ఉండిపోయింది.

రైలులో వెళ్లేవారు చెన్నై సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మేట్టుపాళయం చేరి, అక్కడ కొండరైలు అందుకోవచ్చు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన ఈ లైనులో, కూనూరు వరకు ఆవిరి ఇంజను వెనక నుంచి పెట్టెలను నెడుతూ, పట్టాల మధ్యనున్న పళ్ల కమ్మిని పట్టుకుని కొండెక్కుతుంది. సీట్లు తక్కువ కాబట్టి ముందే రిజర్వు చేసుకోవాలి. కారులో నీలగిరి జిల్లాకు వెళ్లేవారికి 2024 మే నుంచి ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే అనుమతి) పెట్టారు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు ఆ జిల్లాలో నిషేధం ఉన్నది కనుక స్టీలు సీసాలు పెట్టుకోవాలి.

కూనూరు సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉన్నందున వేసవిలోనూ రాత్రి స్వెటరు కావాలి. గదిలో చలిమంట గూడు ఉంటే మంట తామే వేయకుండా అక్కడి మనిషినే పిలవాలి, పొగగొట్టం మూసుకుపోయి ఉంటే ఇల్లంతా పొగే. మంట వేసిన గదిలో పడుకునేటప్పుడు గాలి ఆడేలా కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి.

చీకటి పడ్డాక తోటలో తిరగకూడదు. తేయాకు పొదల మధ్య అడవిదున్నలు మేస్తుంటాయి, నల్లటి వీపు పది అడుగుల దూరానికి వచ్చేదాకా బండరాయిలాగే కనిపిస్తుంది. వానాకాలంలో జలగలుంటాయి, ప్యాంటును సాక్సులోకి దోపుకుంటే చాలు. ఉదయం ఆకు కోసేవారి దగ్గర నిలబడితే, మొగ్గనూ దాని కింది రెండు లేత ఆకులనూ ఎంత వేగంగా తుంచుతారో చూడవచ్చు, కాని ఫోటో తీసే ముందు అడగడం మర్యాద. మందు కొట్టిన వరుసల్లోకి పోకూడదు, ఆకు తుంచి నమలకూడదు.

వచ్చేటప్పుడు టీపొడి కొనడం మామూలే. ఇంటికి వచ్చాక గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, మన బోరు నీళ్లతో కాకుండా క్యాను నీళ్లతో కాచాలి. ఉప్పు నీళ్లలో రంగు నల్లబడి, పైన తెట్టు కడుతుంది.