తెలుగు సబ్‌టైటిల్స్ సరిగ్గా రావట్లేదా? ముందు ఇవి చూడండి

సబ్‌టైటిల్స్ ఇబ్బంది పెట్టగానే చాలామంది నెట్‌లో ఇంకో ఫైల్ కోసం వెతుకుతారు. చాలాసార్లు ఆ అవసరం ఉండదు. సబ్‌టైటిల్స్ ఉండే ఎస్ఆర్‌టి ఫైల్ అంటే ఒట్టి టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తప్పెక్కడుందో సగం తెలిసిపోతుంది. కింద చెప్పినవి విండోస్‌లో విఎల్‌సి ప్లేయర్ వాడేవాళ్ల కోసం.

అసలు ఏమీ కనిపించడం లేదు

వీడియో, సబ్‌టైటిల్ రెండూ ఒకే ఫోల్డర్‌లో, ఒకే పేరుతో ఉంటే విఎల్‌సి తనంతట తానే తీసుకుంటుంది. లేదంటే సబ్‌టైటిల్ మెనూలోని ‘యాడ్ సబ్‌టైటిల్ ఫైల్’తో ఇవ్వండి.

పేరు కలిసినా రావడం లేదంటే ఫైల్ చివర ఎస్ఆర్‌టి తర్వాత టిఎక్స్‌టి కూడా ఉందేమో చూడండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు ఇది చేరుతుంది, విండోస్ దాన్ని దాచేస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేస్తే బయటపడుతుంది.

అదీ కాకపోతే ఫైల్ లోపల చూడండి. ఒక్కో డైలాగ్ ఇలా ఉండాలి:

1
00:01:15,200 --> 00:01:18,000
వాడు రేపొస్తాడట.

కింద ఒక ఖాళీ లైను, ఆ తర్వాత రెండో డైలాగ్. ఇంగ్లీష్ ఫైల్‌ని ఆన్‌లైన్ ట్రాన్స్‌లేటర్‌లో వేసి తెలుగు చేసినప్పుడు ఆ బాణం గుర్తు మధ్యలో ఖాళీ చేరడం మామూలే. అలా జరిగితే ప్లేయర్‌కి ఆ టైమ్ అర్థం కాదు. ‘రీప్లేస్’తో ఫైలంతా ఒకేసారి సరిచేయవచ్చు.

పెట్టెలు, ప్రశ్నార్థకాలు, పిచ్చి అక్షరాలు

మూడూ ఒకేలా చిరాకు పెడతాయి గానీ మూడింటికీ కారణాలు వేరు.

ఖాళీ పెట్టెలు వస్తే లోపం ఫాంట్‌ది. టూల్స్, ప్రిఫరెన్సెస్, సబ్‌టైటిల్స్‌లోకి వెళ్లి ఫాంట్‌గా నిర్మల యుఐ ఎంచుకోండి. విండోస్ 8 నుంచి అది సిస్టమ్‌తోనే వస్తోంది.

ప్రశ్నార్థకాలు నోట్‌ప్యాడ్‌లోనూ ఉంటే, ఎవరో ఆ ఫైల్‌ని తెలుగు అక్షరాలకి చోటులేని ఆన్సి అనే పాత పద్ధతిలో సేవ్ చేశారన్నమాట. అక్షరాలు అప్పుడే పోయాయి, తిరిగి రావు. దీనికి మాత్రం వేరే ఫైల్ వెతుక్కోవాల్సిందే.

యూరప్ భాషల అక్షరాలు, మధ్యమధ్య డిగ్రీ గుర్తులు బారులు తీరి ఉంటే అది ఎన్‌కోడింగ్ తేడా, అంటే అక్షరాల్ని ఫైల్‌లో దాచే పద్ధతిలో తేడా. నోట్‌ప్యాడ్‌లో తెలుగు శుభ్రంగా కనిపిస్తుంటే ‘సేవ్ యాజ్’లో యుటిఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేయండి, విఎల్‌సి ప్రిఫరెన్సెస్‌లో డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ కూడా అదే పెట్టండి. ప్రిఫరెన్సెస్‌లో ఏది మార్చినా ప్లేయర్‌ని ఒకసారి మూసి తెరవాలి.

మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో టైపు చేయించిన తెలుగు, కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో ఉండదు. ఎన్‌కోడింగ్ ఎన్నిసార్లు మార్చినా అది చదవడానికి రాదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేశాకే పనికొస్తుంది.

ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తే ప్లేయర్ పాతది అయి ఉండొచ్చు. 2018లో వచ్చిన 3.0 గానీ, ఆ తర్వాతది గానీ వేసుకోండి.

మాట ముందు, అక్షరం వెనక

ఇక్కడ కాస్త ఓపిక కావాలి. సినిమా మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట తేడా ఎంతుందో చూడండి.

రెండుచోట్లా ఒకే తేడా ఉంటే సులువు. అక్షరాలు ముందే వచ్చేస్తుంటే హెచ్, ఆలస్యమవుతుంటే జి నొక్కండి. ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు జరుగుతుంది.

తేడా పోనుపోనూ పెరుగుతుంటే ఆ మీటలు పనిచేయవు. ఇక్కడ సరిచేస్తే అక్కడ తప్పుతుంది. సబ్‌టైటిల్ సెకనుకి 23.976 ఫ్రేముల (బొమ్మల) కాపీకి తయారై, మీ వీడియో 25 ఫ్రేములది అయితే ఇలా జరుగుతుంది. రెండు గంటల సినిమా 25 ఫ్రేముల్లో దాదాపు ఐదు నిమిషాల ముందే అయిపోతుంది. క్లైమాక్స్‌కి వచ్చేసరికి డైలాగులు ఎక్కడో వెనక ఉండిపోతాయి. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సింక్రొనైజేషన్ మెనూలో ‘చేంజ్ ఫ్రేమ్ రేట్’ ఉంటుంది. 23.976 నుంచి 25కి మార్చి సేవ్ చేస్తే సరిపోతుంది.

ఉన్నాయి గానీ చదవలేకపోతున్నాం

వినికిడి తగ్గిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దీన్ని చిన్న విషయంగా వదిలేయకండి, వాళ్లకి సినిమా మొత్తం ఆ రెండు లైన్లలోనే ఉంటుంది. విఎల్‌సిలో పైన చెప్పిన ప్రిఫరెన్సెస్‌లోనే ఫాంట్ సైజు పెంచి, ‘యాడ్ ఎ బ్యాక్‌గ్రౌండ్’ టిక్ చేయండి. తెల్లచొక్కా మీద తెల్ల అక్షరాలు పడినా చదవగలుగుతారు.