పదేళ్ళ వీసా ఉన్నా ప్రవేశం వేరు: అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు

"పదేళ్ళ వీసా వచ్చేసిందండీ, ఇక ఎన్నాళ్ళయినా ఉండొచ్చు" అన్న మాట అమలాపురంలోనూ భీమవరంలోనూ పిల్లల దగ్గరికి బయలుదేరే పెద్దల నోట తరచు వినిపిస్తుంది. నిజానికి వీసా ఆ దేశపు గుమ్మం దాకా వెళ్ళడానికి మాత్రమే పనికివస్తుంది. లోపలికి రానివ్వాలా, రానిస్తే ఎన్నాళ్ళు ఉండనివ్వాలా అన్నది అక్కడి ఇమిగ్రేషన్ అధికారి తేలుస్తారు. అధికారి తనిఖీ చేసి, అనుమతించిన మీదట జరిగిన ప్రవేశాన్నే అమెరికా చట్టం 'అడ్మిషన్' అంటుంది.

కాబట్టి కౌంటర్ దగ్గర వేలిముద్రలు, ఫోటో అయ్యాక అడిగే ప్రశ్నలకు "అబ్బాయిని చూడటానికి వచ్చాం, సంక్రాంతికి తిరిగి వెళ్ళిపోతాం" వంటి నిజమైన, పొట్టి జవాబు ఇవ్వండి. ఇంగ్లీషు రాకపోతే దుబాసీ కావాలని అడగండి. పక్క గదికి పంపితే కంగారు పడనక్కరలేదు, తనిఖీ ఇంకా పూర్తికాలేదనే దాని అర్థం. అబుదాబి మీదుగా వెళ్ళేవారికి ఈ తనిఖీని అమెరికా అధికారులు అక్కడే ముగిస్తారు. (ఆవకాయ, పూతరేకుల సంగతి కస్టమ్స్ వ్యవహారం, ఉన్నాయని చెప్పేయండి, దాస్తే జరిమానా పడవచ్చు.)

అసలు జాగ్రత్త అక్కడ పిల్లల ఇల్లు చేరాక మొదలవుతుంది. విమాన ప్రయాణికులకు ఐ-94ను (మీ ప్రవేశాన్నీ, ఉండనిచ్చిన గడువునూ తెలిపే రికార్డు) కాగితంగా ఇవ్వడం 2013లో మానేశారు గనుక, అమెరికా సరిహద్దు తనిఖీల సంస్థ కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరుతో మీ రికార్డు తీయించుకోవాలి. మన పేర్లు చిక్కు పెట్టేది ఇక్కడే. ఇంటిపేరు కాక 'వెంకట సత్యనారాయణ మూర్తి' అని మూడు ముక్కలుంటే మూడింటినీ మొదటి పేరు గడిలోనే, ఖాళీలతో సహా నింపాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలో రాసి, మొదటి పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (FNU, మొదటి పేరు తెలియదని అర్థం) అని కొట్టాలి. పేరు, పుట్టినతేదీ, బి-2 (సందర్శకుల వీసా) అన్న తరగతి సరిచూసుకోండి. తప్పుంటే విమానాశ్రయాల్లో ఉండే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ (ప్రవేశ రికార్డుల తప్పులు సరిచేసే) కార్యాలయంలో దిద్దించుకోవచ్చు.

ఆ ఐ-94లోని గడువు తేదీయే మీకు లెక్క, వీసా మీది తేదీ కాదు. బి-2 మీద సాధారణంగా ఆరు నెలలిస్తారు. ఇంకా ఉండవలసి వస్తే ఆ తేదీలోపే గడువు పొడిగింపుకు ఐ-539 దరఖాస్తు పెట్టాలి. గడువు మీరితే ఆ వీసా చెల్లకుండా పోతుంది. గడువు మీరాక 180 రోజులు దాటి ఉండి వెనక్కి వస్తే మూడేళ్ళు, ఏడాది, ఆపైన ఉండి వస్తే పదేళ్ళు మళ్ళీ అడుగుపెట్టనివ్వరు.

ఈ రికార్డు పాతబడ్డా పారేయకండి. రేపు పిల్లలు పౌరులై మీకు గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వేసినప్పుడు, అక్కడే ఉండి పని పూర్తిచేసుకోవాలంటే తనిఖీ జరిగి అడ్మిషన్ గానీ పెరోల్ (అడ్మిషన్ లేకుండానే తాత్కాలికంగా లోపలికి రానివ్వడం) గానీ పొందినట్టు చూపాలి. పౌరులైన పిల్లల తల్లిదండ్రులకు గడువు మీరిన దోషాన్ని ఆ దరఖాస్తులో చట్టం చాలావరకు పట్టించుకోదు గాని, దొంగదారిన వచ్చినవారికి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఐ-94 ప్రింటు ఒకటి పాస్‌పోర్టులోనే మడిచి పెట్టుకోండి.