కుటుంబంతో బోటు షికారు – నాలుగో పాఠం: గాలి ఎటు, వాన ఎప్పుడు?

లైఫ్ జాకెట్ బిగించుకోవడం, బోటులో బరువు సర్దుకుని కూర్చోవడం, బోటు తిరగబడితే దాన్ని వదలకుండా పట్టుకుని ఉండడం ఇంతవరకు నేర్చుకున్నాం. మూడో పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. పిల్లలకు జాకెట్ వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడమన్నాను. జాకెట్ చెవుల దాకా జారి వచ్చేస్తే ఆ సైజు పనికిరాదు. ఇంకా చేయనివాళ్లు ముందు అది చేసి, తర్వాత ఈ పాఠానికి రండి.

ఈసారి బోటును పక్కన పెట్టి నీళ్ల సంగతి చూద్దాం. విశాఖలో ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో టికెట్ కొనేముందు చాలామంది నీళ్ల రంగు చూస్తారు. నీలంగా, తేటగా ఉంటే బాగున్నాయనుకుంటారు. రంగును నమ్మవద్దు. మురుగులో ఉండే క్రిములు కంటికి కనపడవు. జెల్లీఫిష్ చాలావరకు నీళ్లలో కలిసిపోయినట్టే ఉంటాయి. రంగు కంటే బాగా పనికొచ్చే ప్రశ్నలు రెండున్నాయి. ఇప్పుడు గాలి ఎటు నుంచి వీస్తోంది? చివరిసారి గట్టి వాన ఎప్పుడు పడింది? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే, ఈ రోజు నీళ్లలో ఏం ఉండే అవకాశం ఉందో గట్టు మీద నిలబడే చాలావరకు చెప్పగలరు.

గాలి చూడడం

ఆర్కే బీచ్‌లో రోడ్డుకు వీపు పెట్టి, సముద్రానికి ఎదురుగా నిలబడండి. మీరు దాదాపు ఆగ్నేయం వైపు చూస్తున్నట్టు. కుడి చేతివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమ చేతివైపు కైలాసగిరి. ఈ మూడు గుర్తులు చాలు, దిక్సూచి అక్కర్లేదు. పిడికెడు పొడి ఇసుక తీసుకుని నడుము ఎత్తు నుంచి మెల్లగా వదలండి. ఇసుక ఎటు వాలుతోందో చూడండి. పది నిమిషాలాగి మళ్లీ చూడండి. దగ్గర్లో జెండా ఉంటే దానితో సరిపోల్చుకోండి.

గాలి ముఖానికి తగిలితే అది సముద్రపు గాలి. ఎండాకాలంలో పొద్దెక్కిన కొద్దీ ఇది మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. నీటిపైన తేలే ప్రతిదాన్నీ ఒడ్డుకు తోసుకొస్తుంది. జెల్లీఫిష్, ప్లాస్టిక్, తెగిన వలలు, అన్నీ. గాలి కుడి భుజం వైపు నుంచి వస్తుంటే తేలే చెత్త ఒడ్డు వెంబడి కైలాసగిరి వైపు కొట్టుకుపోతుంది. మెడ వెనక తగిలితే నేల మీది నుంచి వచ్చే గాలి. తెల్లవారుజామున ఎక్కువగా ఇదే ఉంటుంది. అప్పుడు ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, పిల్లలు సంబరపడతారు. నాకు అన్నిటికంటే భయం ఈ గాలంటేనే. గాలి నింపిన రబ్బరు ట్యూబు గానీ, తెడ్డు వేయడం రాని చేతుల్లోని కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) గానీ చడీచప్పుడు లేకుండా లోపలికి పోతుంది. ఒడ్డు నుంచి చూసేవాళ్లు పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారనే అనుకుంటారు. నేల గాలి వీస్తున్నప్పుడు గాలి బొమ్మలు నీళ్లలోకి దించవద్దు.

జెల్లీఫిష్

జెల్లీఫిష్ చాలావరకు ప్రవాహానికి ఎదురు ఈదలేవు, నీళ్లు ఎటు పోతే అటే పోతాయి. బ్లూబాటిల్ అని పిలిచేది అసలు జెల్లీఫిష్ కాదు, చాలా చిన్న జీవులు కలిసి బతికే గుంపు. దాని పైభాగంలో గాలి తిత్తి ఉంటుంది, అదే దానికి తెరచాప. అందుకే రెండు మూడు రోజులు వరసగా గాలి ఒడ్డుకు కొడితే అవి ఇసుక మీద కనిపించడం మొదలవుతుంది.

వాటిని వెతికే పద్ధతి ఇది. కెరటం ఎక్కడిదాకా వచ్చి వెనక్కి పోయిందో అక్కడ ఇసుక మీద చెత్త ఒక గీతలా మిగులుతుంది. నాచు, పుల్లలు, సీసా మూతలు, గవ్వలు. చెప్పులు వేసుకుని, ఆ గీత వెంట నూరు అడుగులు తల దించుకుని నడవండి. ఆ గీత మీద ఉన్నదే నీళ్లలోనూ ఉంటుంది. బ్లూబాటిల్ అయితే వేలెడంత నీలి బుడగ, ఎండకు మెరుస్తూ ఉంటుంది. దాని కింద నుంచి ముదురు నీలం దారాలు ఇసుకలో మెలికలు తిరిగి ఉంటాయి. ఆ దారం నీళ్లలో సాగితే మీటర్ల పొడవు ఉంటుంది. బుడగ బోటుకు దూరంగా ఉన్నా దారం చేతికి తగలొచ్చు. రూపాయి బిళ్లంత గుండ్రంగా, చదునుగా, అంచున నీలి కుచ్చులతో ఉండేది వేరే జీవి. దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, కాస్త దురద పెట్టొచ్చు. ఊదా రంగులో, ఒళ్లంతా చిన్న బొడిపెలతో ఉండేది మాత్రం గట్టిగా కుడుతుంది. ఆ రకం విశాఖ తీరంలో గుంపులుగా కనిపించిన సందర్భాలున్నాయి. చచ్చి ఎండిపోయినట్టు కనిపించినా ఏదీ ముట్టుకోవద్దు. జీవి చచ్చిపోయినా దాని విషపు కణాలు పనిచేస్తూనే ఉంటాయి. పిల్లలు పుల్లతో పొడుస్తారు, అదే పుల్ల తర్వాత చేత్తో పట్టుకుంటారు. అందుకని పుల్ల కూడా వద్దని చెప్పండి.

గీత మీద రెండు మూడు బ్లూబాటిల్స్ కనిపిస్తే షికారు మానేయాలా? నా లెక్క ఇది. అంచు ఎత్తుగా ఉన్న బోటులో చేతులు లోపల పెట్టుకుని కూర్చుని తిరిగి వచ్చేయొచ్చు. మధ్యలో ఆగి నీళ్లలోకి దూకడం, చెయ్యి నీళ్లలో ఆడిస్తూ కూర్చోవడం వద్దు. కయాక్, జెట్ స్కీ (నీళ్ల మీద నడిపే మోటారు బండి) పూర్తిగా వద్దు. వాటి మీద ఒళ్లు తడవకుండా ఉండదు, జెట్ స్కీ మీద నుంచి పడిపోవడం మామూలే. పొడుగు చేతుల లైక్రా (ఒంటికి అతుక్కుని సాగే గుడ్డ) చొక్కా, లెగ్గింగ్స్ వేస్తే చాలా మేలు. విషపు ముల్లు చాలా చిన్నది, పల్చటి గుడ్డను కూడా చాలావరకు దాటలేదు.

ఊదా రంగు జెండా ఎగురుతుంటే నీళ్లలో కుట్టే జీవులున్నాయని అర్థం. జెండా లేనంత మాత్రాన ఏమీ లేవనుకోవద్దు. వేటకు వెళ్లొచ్చినవాళ్లను అడగడం దానికంటే మేలు. జాలరిపేటలోనో మంగమారిపేటలోనో పొద్దున్నే వల విదిలించుకునే వాళ్ల దగ్గరికి వెళ్లి, "బాబాయ్, ఈ రోజు వలలో జెల్లీఫిష్ పడ్డాయా?" అని అడగండి. "వల నిండా అవేనమ్మా, చేతులు మండిపోతున్నాయి" అన్నారంటే ఇంక వేరే సమాచారం అక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజన్ బోట్లకు చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి. ఇంజన్ లేని తెప్పల మీద వెళ్లేవాళ్లను వెతుక్కుని అడగాలి.

కుడితే ఏం చేయాలి

ఈ భాగం ఇంట్లో పెద్దవాళ్లందరూ చదవాలి. కుట్టినప్పుడు చుట్టూ చేరిన జనం తలా ఒక వైద్యం చెబుతారు. ఇసుకతో రుద్దమంటారు, మంచినీళ్లు పోయమంటారు, మూత్రం పోయమని కూడా అంటారు. ఏదీ చేయవద్దు. చర్మానికి అంటుకున్న దారం మీద ఇంకా పేలని విషపు కణాలు లెక్కలేనన్ని ఉంటాయి. రుద్దితే పేలతాయి. మంచినీళ్లు తగిలినా పేలతాయి.

ముందు మనిషిని నీళ్లలోంచి బయటికి తెచ్చి కూర్చోబెట్టండి. నొప్పికి బెంబేలెత్తి అటూ ఇటూ పరుగెత్తకుండా చూడండి. సముద్రపు నీళ్లే ధారగా పోసి కడగండి. మిగిలిన దారాలను ట్వీజర్స్‌తో గానీ, చేతికి మందపాటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని గానీ ఒక్కొక్కటిగా ఎత్తి తీయండి. గీకవద్దు. తర్వాత వేడి నీళ్లు. 45 డిగ్రీలకు మించకుండా, ఓర్చుకోగలిగినంత వేడిలో 20 నిమిషాలు ఆ భాగాన్ని ముంచి ఉంచితే బ్లూబాటిల్ నొప్పి బాగా తగ్గుతుంది.

బీచ్‌లో 45 డిగ్రీల నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? ఇంటి నుంచే తెచ్చుకోవాలి. లీటరు ఫ్లాస్కులో మరిగిన నీళ్లు, ఒక చిన్న బకెట్. బకెట్‌లో ముందు మూడు లీటర్ల మామూలు నీళ్లు పోసి, తర్వాత ఫ్లాస్కులోని లీటరు కలిపితే ఇంచుమించు 45 డిగ్రీల దగ్గరికి వస్తుంది, కాస్త అటూ ఇటూ కావచ్చు. కుట్టించుకోనివాళ్లు ముందు తమ చెయ్యి ముంచి చూడాలి. నొప్పిలో ఉన్న పిల్లలకు వేడి ఎంతుందో తెలియదు, చర్మం కాలిపోతుంది. వీపు మీదో పొట్ట మీదో కుడితే అదే నీళ్లలో తువ్వాలు ముంచి కప్పి, చల్లారగానే మార్చండి.

వెనిగర్ సంగతి చాలామంది అడుగుతారు. పెట్టె ఆకారంలో ఉండే ప్రమాదకరమైన జెల్లీఫిష్‌కు వెనిగర్ వాడమంటారు, బ్లూబాటిల్‌కు వద్దంటారు. ఏది కుట్టిందో తెలియకపోతే సముద్రపు నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, ముఖం వాపు, మగత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వేడి నీళ్ల కోసం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. కంటికి తగిలినా, బాగా చిన్న పిల్లలకు కుట్టినా అంతే.

వాన, గెడ్డలు

విశాఖ కొండల మధ్య ఉన్న ఊరు. వాన పడితే ఆ నీళ్లంతా గెడ్డల్లోంచి (వాగులు), కాలువల్లోంచి సముద్రానికే చేరాలి. మేఘాద్రిగెడ్డ నీళ్లు హార్బర్‌లోకి వస్తాయి. ఆర్కే బీచ్, లాసన్స్ బే వైపు కాలువలు నేరుగా ఇసుక మీదుగానే దిగుతాయి. మొదటి గట్టి వానకు రోడ్ల మీది నూనె, చెత్త, మురుగు అన్నీ ఒక్కసారిగా కొట్టుకొస్తాయి. ఆ తర్వాత కనీసం 48 గంటలు పిల్లల్ని ఆ నీళ్లలో తడవనివ్వవద్దు. కాళ్లకు చిన్న పుండో గీరుకుపోయిన గాయమో ఉంటే అసలే వద్దు. నోట్లోకి పోతే విరేచనాలు, చెవిలోకి పోతే చీము పట్టడం, పుండుకు తగిలితే అది ముదరడం, ఇవే ఎక్కువగా వచ్చే ఇబ్బందులు.

కాలువ నోటికి దగ్గరగా బోటు ఎక్కకండి. ఒడ్డున నడిచి, కాలువలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో ఒకసారి గుర్తుపెట్టుకోండి. వానాకాలంలో నోటి చోటు మారుతుంది, కాబట్టి ప్రతిసారీ చూసుకోవాలి. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. ఆ గుర్తింపు ఉన్నచోట నీళ్లను క్రమం తప్పకుండా పరీక్షించాలి. 100 మిల్లీలీటర్లలో ఇ-కోలై (మురుగు కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) 250కి మించకూడదు. ఇది మంచి విషయమే, కానీ నిన్న రాత్రి పడ్డ కుండపోతకు పోయిన వారం పరీక్ష జవాబు చెప్పదు.

నిలిచిన నీళ్ల మీద రంగులు తేలుతుంటే కర్రతో మెల్లగా కదిపి చూడండి. పెంకుల్లా విరిగి అలాగే ఉండిపోతే చాలావరకు కుళ్లిన ఆకుల వల్ల వచ్చింది. విడిపోయి మళ్లీ కలిసిపోతే డీజిల్ లాంటి నూనె. ఇసుక నల్లగా ఉందని మాత్రం కంగారు పడకండి. మన తీరంలో బరువైన నల్ల ఖనిజపు ఇసుక సహజంగానే ఉంది, కెరటం తేలిక ఇసుకను లాక్కుపోతే అది పైకి తేలుతుంది. కంపు కొడుతుంటే అప్పుడు అనుమానించాలి.

వినాయక నిమజ్జనం తర్వాత కొన్నాళ్లు ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో బొమ్మల చట్రాలు, ఇనుప ఊచలు ఉంటాయి. కాళ్లకు చెప్పులుండాలి. బోటు నడుస్తుండగా తెగిన వల ముక్కో ప్లాస్టిక్ తాడో ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఇంజన్ ఒక్కసారిగా మూలిగి ఆగిపోతుంది. అందరూ వెనక్కి వంగి చూడబోతారు, బోటు ఆ వైపు ఒరుగుతుంది. ఎవరి చోట్లో వాళ్లు కదలకుండా ఉండాలి. ఇంజన్ పూర్తిగా ఆపాకే బోటువాళ్లు తాడు తీయాలి. మీ చెయ్యి అటు పోకూడదు. బోటు కొట్టుకుపోతుంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసుల నంబరు 1093. ఇవి ఫోన్‌లో ముందే పెట్టుకోండి.

అభ్యాసం

ఈ వారం బోటు ఎక్కకుండా ఒకసారి బీచ్‌కి వెళ్లండి. పొద్దున ఆరింటికి ఇసుక వదిలి గాలి చూడండి, సాయంత్రం నాలుగింటికి మళ్లీ చూడండి. చెత్త గీత వెంట నూరు అడుగులు నడిచి, కనిపించినవి ఒక కాగితం మీద రాయండి. ఆ పని పిల్లలకే అప్పగిస్తే ఇంకా బాగా చేస్తారు. ఇంట్లో ఒకసారి ఫ్లాస్కు నీళ్లు, మామూలు నీళ్లు ఒకటికి మూడు లెక్కన కలిపి, ఎంత వేడి వచ్చిందో మీ చేత్తో చూసుకోండి.

తర్వాత ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

నిన్న రాత్రి కుండపోత వాన. ఈ ఉదయం ఆకాశం తేటగా ఉంది, గాలి మెడ వెనక నుంచి తగులుతోంది, నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. పిల్లలు కయాక్ కావాలంటున్నారు. వద్దనడానికి కారణాలు ఎన్ని?

మూడు రోజులుగా సముద్రపు గాలి, వానలు లేవు. చెత్త గీత మీద ఒక్క నీలి బుడగ కనిపించింది. బోటులో మీతో పాటు అత్తగారు, నాలుగేళ్ల పాప ఉన్నారు. బోటు ఎక్కుతారా? ఎక్కితే ఎవరిని ఎక్కడ కూర్చోబెడతారు? సంచిలో ఏమేం పెట్టుకుంటారు?

రెండింటికీ నా జవాబులు ఐదో పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠం కెరటాల మధ్య నుంచి మనిషిని లోపలికి లాగే ప్రవాహాల గురించి. దానికి మీ బీచ్ బొమ్మ ఒకటి కావాలి. కాలువ నోళ్లు, రాళ్లున్న చోట్లు గుర్తించి పెన్సిల్‌తో గీసి ఉంచుకోండి.