కలం ఆగకుండా 20 నిమిషాలు

తనకేది ఇష్టమో తేలాకే రాద్దామనుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. ముందు రాయడం మొదలుపెట్టాలి. రాస్తూ పోతే, మనసు పదే పదే ఎటు పరిగెడుతోందో కాగితమే చూపిస్తుంది. దానికి ఒక నోట్‌బుక్, ఐదు వారాలు చాలు.

200 పేజీల రూళ్ల లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఖరీదైన డైరీ వద్దు. అందులో చెత్త రాయడానికి చెయ్యి రాదు, మొదటి రోజుల్లో రాయాల్సిందేమో చెత్తే. కుడి పేజీలోనే రాయండి, ఎడమ పేజీ తర్వాతి పనికి ఖాళీగా ఉంచండి. నొక్కి రాయక్కర్లేని బాల్‌పెన్ను మేలు. ఏళ్లుగా ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడుతున్నవాళ్లకు నాలుగైదు రోజులు ఒత్తులు తడబడతాయి, వేళ్లు లాగుతాయి. భయపడకండి, సర్దుకుంటుంది.

రోజూ ఒకే వేళ, ఒకే చోట కూర్చోండి. ఫోన్ ముట్టుకోకముందు అయితే మంచిది. టైమ్ చూడ్డానికి కూడా ఫోన్ వద్దు, అలారం గడియారం పెట్టుకోండి. 20 నిమిషాలు చెయ్యి ఆగకూడదు, కొట్టివేతలు కూడదు, వెనక్కెళ్లి చదవకూడదు. రాయడం, దిద్దడం రెండూ వేర్వేరు పనులు. మాట పుట్టేలోపే దిద్దడానికి దిగితే ధార తెగిపోతుంది. దీర్ఘం తప్పు పడితే పడనివ్వండి. ఏమీ తోచకపోతే చివరి మాటనే మళ్లీ మళ్లీ రాయండి. రెండు మూడు వరసలయ్యేసరికి విసుగొచ్చి మనసే కొత్త మాట అందిస్తుంది. పైపై సంగతులు అయిపోయాక ఒక ఖాళీ వస్తుంది, లేచి కాఫీ పెట్టుకోవాలనిపిస్తుంది. అక్కడే కూర్చోవాలి, అసలు సంగతులు దాని తర్వాతే వస్తాయి. గంట మోగగానే వాక్యం మధ్యలోనే ఆపేయండి. మర్నాడు ఆ వాక్యం పూర్తి చేస్తూ మొదలుపెడితే తెల్లకాగితం బెదిరించదు.

ఎక్కువమందికి అడ్డం పడేది భాష. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడి వందేళ్లు దాటినా, పెన్ను పట్టగానే మనకు బడి వ్యాసం గుర్తొస్తుంది. ‘ప్రభాత సౌందర్యం నా హృదయాన్ని పరవశింపజేసినది’ అని రాస్తే తర్వాతి వాక్యం రాదు, దానిలో చూసిందేమీ లేదు కనుక. ‘పాలపాకెట్ కత్తిరిస్తే గట్టు మీదంతా ఒలికింది, అత్తమ్మ చూడకముందే తుడిచాను’ అని రాయండి. అత్తమ్మ చూస్తే ఏమవుతుందన్న మాట వెంటనే వెనకాల వస్తుంది. ఇంట్లో ‘వస్తున్నా’ అంటారో, ‘వస్తన్నా’ అంటారో, ‘వస్తుండ’ అంటారో, అదే రాయండి.

రాతలో లీనమవ్వాలంటే పని మన సత్తాకు కాస్త పైనుండాలి, మరీ పైన కాదు. మరీ బరువైతే గాభరా, మరీ తేలికైతే విసుగు. ‘నాన్న’ అన్న విషయం 20 నిమిషాలకు చాలా పెద్దది. ‘నాన్న రాత్రిపూట సైకిల్ స్టాండ్ వేసే చప్పుడు’ సరిపోతుంది. కదలకపోతే విషయాన్ని ఇంకా చిన్నది చేయండి.

మూడు వారాల దాకా పాత పేజీలు తిప్పకండి, ఎవరికీ చూపించకండి. మొదటి రోజు రాసింది ఫేస్‌బుక్‌లో పెడితే, రెండో రోజు నుంచి లైకుల కోసం రాస్తారు. 22వ రోజున ఎరుపు, నీలం పెన్సిళ్లతో కూర్చోండి. వస్తువు, మనిషి, వాసన, చప్పుడు కనిపించిన వాక్యం కింద ఎరుపు గీయండి. నీతులు, ఫిర్యాదులు ఉన్నచోట నీలం. ఎరుపు గీతలు పడ్డ సంగతుల్ని ఎడమ పేజీలో ఒక్కో మాటగా రాసుకోండి: వంట, ఊరి చెరువు, కుట్టుమిషన్, పిల్లలకు లెక్కలు చెప్పడం. మూడు నాలుగు సార్లు వచ్చిన మాటే మీ విషయం. మీరనుకున్నది అదై ఉండదు. కవిత్వం రాయాలని కూర్చున్నవాళ్ల పేజీల నిండా కూరగాయల మడులు ఉండొచ్చు. అప్పుడు పేజీని నమ్మండి.

పాత గాయం బయటపడితే మాత్రం జాగ్రత్త. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు రోజుకు 15 నిమిషాల చొప్పున 4 రోజులు తమను కలచివేసిన సంఘటనల గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్లకు దిగులు పెరిగింది, తర్వాతి నెలల్లో మాత్రం మామూలు సంగతులు రాసినవాళ్లకంటే తక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లారు. కాబట్టి కాసేపు బరువుగా ఉండటం మామూలే. నాలుగు రోజులు దాటినా అదే బాధ అవే మాటల్లో తిరుగుతుంటే, నిద్ర చెడుతుంటే, దాన్ని పక్కనపెట్టి మనిషితో మాట్లాడండి, అవసరమైతే డాక్టరుతో.

మిగిలిన రెండు వారాలు దొరికిన విషయం మీదే. దాని గురించి మీకు జవాబు తెలియని ప్రశ్నలు 14 రాసుకుని, రోజుకొకటి తీసుకోండి. కుట్టుమిషనే మీ విషయమైతే: అమ్మ ఎవరి బట్టలకు డబ్బులు తీసుకునేది కాదు? ఎందుకని? అడగడానికి ఎవరైనా ఉంటే ఫోన్ చేసి అడగండి, వాళ్ల మాట వాళ్ల మాటగానే దించండి. ఆఖరి రోజున ఎర్రగీతల వాక్యాలతో 300 మాటల్లో ఒక ముక్క తయారుచేయండి. ఈసారి కొట్టివేయండి, దిద్దండి, పైకి చదవండి. ఊపిరి ఆడని వాక్యాన్ని రెండుగా విరవండి. తర్వాత ఆ సంగతి తెలిసిన ఒక్కరికి ఇచ్చి, ‘బాగుందా’ అని కాకుండా ‘ఎక్కడ ఆగి మళ్లీ చదివావు?’ అని అడగండి.